ఎడమవైపు బొత్తాలు

ఎలీయేజరు మాస్టారు ఆశ్రమ పాఠశాలలో హిందీ పండితుడిగా పనిచేసి రిటైరై చాలా ఏళ్ళయింది. ఈలోగా ఆయన హిందీ మొత్తం మర్చిపోయాడు గాని, తాను పండితుణ్ణన్న సంగతి మాత్రం మర్చిపోలేదు. డుంబ్రిగుడలో మెయిన్ రోడ్డుకి కాస్త లోపలగా, రేకుల వరండా ఉన్న ఇంట్లో భార్య ఆనందమ్మతో ఉంటాడు. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చేసిన ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుని, చేతులకి బొత్తాలు పెట్టుకుని, ఎక్కడికీ వెళ్ళడు. ఎవరైనా వస్తే తయారుగా ఉండాలి కదా అంటాడు. ఎవరూ రారు.

ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బీరువా ఆయనది. ఆనందమ్మ చీరలు మంచం కింద ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఈ పంపకం ఎప్పుడు జరిగిందో ఇద్దరికీ గుర్తులేదు.

డిసెంబరు మొదట్లో కూతురు సుజానా విశాఖపట్నం నుంచి పెద్ద సూట్‌కేసుతో దిగింది. ఎత్తి చూస్తే ఖాళీ. ఆనందమ్మ గుమ్మంలోనే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏటే గుంటా, ఇల్లు ఖాళీ సేసుకుపోడానికి వొచ్చినావేటి?"

"అందుకే వచ్చానమ్మా," అంది సుజానా, ఏమీ దాచకుండా.

సుజానా ఫ్యాషన్ డిజైనింగు చదివింది. ఆ చదువు చివర ఏ ఉద్యోగం వస్తుందో తండ్రికి ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఇప్పుడు ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి పాతబట్టలు అమ్ముతోంది. ఎలీయేజరు చిన్నప్పుడు పాతబట్టలు తీసుకుని స్టీలుగిన్నెలు ఇచ్చే ఆడవాళ్ళు గంపలతో వీధుల్లో తిరిగేవాళ్ళు. వాళ్ళలో ఎవరూ డిగ్రీ చదివినట్టు ఆయనకి గుర్తులేదు.

"పాతబట్టలు కాదు నాన్నా. వింటేజ్."

"విలేజా?"

"వింటేజ్. అంటే, పాతబడేకొద్దీ విలువ పెరిగేవి. మీ కాలం బట్టలంటే ఇప్పుడు కుర్రాళ్ళు పడి చస్తున్నారు."

ఈ నిర్వచనం ఎలీయేజరుకి చాలా నచ్చింది. కూతురు బట్టల గురించి కాక తన గురించే చెప్పినట్టనిపించింది. చదివించిన డబ్బు వృథా పోలేదనుకుని, మొలతాడుకున్న తాళంచెవి తీసి స్వయంగా బీరువా తెరిచాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆనందమ్మ తుమ్ముకుంటూ వంటింట్లోకి పోయి, రాజ్మా కాయలు ముందేసుకుని ఒలవడం మొదలుపెట్టింది.

ముందుగా బయటికొచ్చింది బెల్‌బాటమ్ ప్యాంటు. ఇటిక రంగు, కింద అంచులు గొడుగంత. ఎలీయేజరు దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, శిక్షణ కాలేజీలో తాను దీన్ని వేసుకుని నడుస్తుంటే ఆడపిల్లలు ఎలా చూసేవాళ్ళో చెప్పాడు. దీన్ని వేసుకుని ఒకసారి సండేస్కూల్లో నిలబడి ప్రార్థన చేస్తుంటే కోడిపిల్ల ఒకటి కాలిదగ్గర దూరి మోకాలుదాకా పైకి ఎక్కిన సంగతీ, ఇంకా రోగులకోసం, వితంతువులకోసం, వర్షాలకోసం ప్రార్థించాల్సి ఉండగా అర్ధాంతరంగా ఆమేన్ కొట్టేసిన సంగతీ ఆయన చెప్పలేదు. వంటింట్లోంచి ఆనందమ్మ చెప్పింది.

తరవాత కుక్కచెవుల కాలరున్న నైలాను చొక్కా. ఆ తరవాత బూడిదరంగు సఫారీ సూటు. సుజానా ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కుట్లు చూసి, లోపలివైపు తిరగేసి, ఫోన్లో ఫోటో తీసి, "అబ్బా!" అంటోంది. ఆ పిల్ల 'అబ్బా' అన్నప్పుడల్లా ఎలీయేజరు ఛాతీ ఒక అంగుళం పెరుగుతోంది.

"ఇవన్నీ తీసుకుపో," అన్నాడు చివరికి ఉదారంగా. "ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోడానికి వీల్లేదు. చూడు. చూడ్డం వరకే."

బీరువా వెనకనుంచి, పాత దుప్పటిలో చుట్టిన కోటు తీశాడు.

ఆ కోటు గురించి చెప్పాలంటే తుపాను దగ్గర మొదలుపెట్టాలి. ఎలీయేజరుది భీమిలి అవతల ఊరు. ఆయన కుర్రతనంలో ఒక తుపానుకి సగం ఊరు లేచిపోతే, పరాయి దేశపు విశ్వాసులు జాలిపడి మిషన్ కాంపౌండుకి బేళ్ళకొద్దీ బట్టలు పంపించారు. ఇక్కడి ఎండల సంగతి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. బేళ్ళు విప్పితే అన్నీ ఉన్ని కోట్లు, ఉన్ని మేజోళ్ళు, చేతితొడుగులు. ఇళ్ళు పోయినవాళ్ళంతా చేతితొడుగులు తొడుక్కుని, దేవుడికి స్తోత్రం చెప్పి, ఎండలో నిలబడ్డారు. ఎలీయేజరు తాతకి పూలపూల గౌను దక్కింది. ఆయన దాన్ని పొడుగు చొక్కా అనుకుని, గోచీ మీద వేసుకుని చాలాకాలం పొలానికి వెళ్ళాడు. ఎద్దులు కూడా మొదట్లో జంకాయట.

ఎలీయేజరుకి మాత్రం పాస్టరుగారు స్వయంగా ఏరి ఇచ్చిన కోటు వచ్చింది. సీసా ఆకుపచ్చ రంగు, కంబళి మందం, వెడల్పాటి కాలరు, గచ్చకాయలంత బొత్తాలు. "చదువుకునే కుర్రాడివి. దేవుడు నిన్ను ఏ చలిప్రాంతానికి పంపదలచాడో" అన్నారాయన. ఆ తరవాత హిందీ పండితుడిగా ఉద్యోగమొచ్చి, అరకు అవతలి ఆశ్రమ పాఠశాలలో పోస్టింగు వచ్చేసరికి, ఆ మాట ప్రవచనమేనని ఎలీయేజరుకి రూఢి అయిపోయింది. పొగమంచులోంచి ఆ కోటు తొడుక్కుని బడి ఆవరణలోకి అడుగుపెడితే, హెడ్మాస్టరు ఇన్‌స్పెక్టరనుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పిల్లలు లేచారు. అటుగా పోతున్న కల్లుగీత మనిషి కూడా కావిడి దించి దణ్ణం పెట్టాడు. హిందీ పండితుడికి ఆ జన్మకి అంతకంటే గౌరవం దొరకదు. ఆరోజు నుంచి ఆయన దాన్ని విడిచిపెట్టలేదు. మే నెలలో, విజయనగరంలో, నిప్పులు చెరిగే ఎండలో పెళ్ళి కూడా ఆ కోటులోనే చేసుకున్నాడు. పెళ్ళి ఫోటోలో ఆయన మొహం చూసి ఆనందబాష్పాలనుకుంటారు. చెమట.

ఇప్పుడు ఆ కోటుని భుజాల దగ్గర పట్టుకుని కూతురికి చూపించాడు. సుజానా దగ్గరికొచ్చింది. కాలరు తడిమింది. ముందు అంచు పట్టుకుని చూసింది. మళ్ళీ చూసింది. లోపల అస్తరు ఎత్తి ఛాతీ దగ్గర వేలితో రుద్ది చూసింది. పెదవులు బిగబట్టుకుంది. ఆ బిగింపు ఎంతోసేపు ఆగలేదు. మంచం మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది?" అన్నాడు ఎలీయేజరు.

"నాన్నా... బొత్తాలు ఎటువైపున్నాయి?"

"ఎడమవైపు. ఇంగ్లీషు కోటు కదా."

ఆయన దాని గురించి ఆలోచించకపోలేదు. దొరలు ముల్లుచెంచా కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటారు. వాళ్ళ అలవాట్లు వాళ్ళవి అని ఎప్పుడో తీర్పు చెప్పుకుని ఊరుకున్నాడు.

"ఇంగ్లీషయినా తెలుగయినా మగాళ్ళ కోటుకి కుడివైపే ఉంటాయి నాన్నా. ఎడమవైపు ఉన్నాయంటే ఇది ఆడవాళ్ళ కోటు. ఇదిగో, ఇక్కడ ఛాతీ దగ్గర పొంగు రావడానికి గుడ్డ మడిచి కుట్టే డాట్లు కూడా ఉండేవి. ఎవరో విప్పేసిన గుర్తులున్నాయి."

వంటింట్లో రాజ్మా గింజలు గిన్నెలో పడుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నానే విప్పినాను," అంది ఆనందమ్మ, గుమ్మంలోకి వచ్చి.

ఎలీయేజరు కోటునీ, భార్యనీ మార్చి మార్చి చూశాడు. పెళ్ళికి ముందు ఆనందమ్మ తమ ఊరి మిషన్ కాంపౌండులో కుట్టుపని నేర్చుకుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆయనకి తన చొక్కా బొత్తాలు ఊడినప్పుడే గుర్తొచ్చేది.

"నీకు... తెలుసా?"

"పెళ్ళినాడే తెలుసు. పాస్టరుగారు 'ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే సెప్పండి' అని అడిగినారు కదేటి, అప్పుడు నాలిక సివరిదాకా వొచ్చింది. పెళ్ళికి కాదు, కోటుకి."

"మరి సెప్పలేదేటి?" పండితుడి నోట్లోంచి భీమిలి అవతలి ఊరు ఊడిపడింది. ఎలీయేజరు పుస్తకాల భాష వదిలి ఆ భాషలోకి దిగాడంటే లోపల ఏదో విరిగిందని ఇంట్లోవాళ్ళకి తెలుసు.

"సెప్తే మీరు విప్పీసి ఉందురు. లోపల సొక్కా సూసినాను నాను. దానికంటె కోటే మేలనిపించింది." ఆనందమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "ముందర రెండు గుట్టలు లేసి ఉండీవి, ఖాళీగా. మీరు వంగి దణ్ణం పెడితే లోపలికి పోయీవి, లేత్తే బైటికొచ్చీవి. మా యమ్మ నన్ను పక్కకి పిలిసి, అల్లుడు జేబుల్లో ఏటి పెట్టుకున్నాడే అని అడిగింది. కాపరానికొచ్చిన వారంలోనే డాట్లు విప్పీసి ఇస్త్రీ పెట్టీసినాను."

సుజానా మంచం మీద బోర్లా పడి దిండులో మొహం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఎలీయేజరు కోటుని దుప్పటిలో చుట్టలేదు, వేసుకోలేదు, కుర్చీ మీద పడేసి వరండాలోకి వెళ్ళిపోయాడు.

అక్కడ కూర్చుని తన జీవితమంతా ఒకసారి ఎడమవైపు నుంచి చూసుకున్నాడు. ఇన్‌స్పెక్షన్లు. స్వాతంత్ర్య దినోత్సవాలు. కలెక్టరుగారి పక్కన నిలబడి దిగిన గ్రూపు ఫోటో. రిటైర్మెంటు సభలో దండ. అన్నింటిలోనూ ఎవరో పరాయి దేశపు లావుపాటి ఆడమనిషి కోటులో ఉన్నాడు తను. ఆవిడ దాన్ని వేసుకుని చర్చికి వెళ్ళి ఉంటుంది, చేపలు కొనడానికి వెళ్ళి ఉంటుంది. ఆవిడ కూడా తనతోపాటు కలెక్టరుగారి పక్కన నిలబడినట్టయింది. ఊళ్ళో ఇంకెంతమందికి తెలుసో! ఈ ఆలోచన రాగానే ఆయనకి కూర్చోబుద్ధి కాలేదు.

మర్నాడు సంత. ఎలీయేజరు ఉత్త చొక్కాతోనే బయల్దేరాడు. చలికి రోమాలు నిక్కబొడుచుకున్నా పట్టించుకోలేదు. అల్లం కుప్పలు, చింతపండు బుట్టలు, కొండచీపుళ్ళ మోపులు దాటుకుని టీకొట్టు దగ్గరికి వెళ్తే, అనుకున్నట్టే సన్యాసిరావు బల్లమీద కూర్చుని ఉన్నాడు. సన్యాసిరావు అదే బడిలో లెక్కల మాస్టారు. మైదానం మనిషే అయినా రిటైరయ్యాక కొండ దిగలేదు. కాఫీగింజ రంగు కోటు వేసుకుని, టీ గ్లాసుతో అరచేతులు కాచుకుంటున్నాడు.

"ఏటి, కోటు లేకుండా వొచ్చీసినావు? ఒంట్లో బాగులేదేటి?"

"ఉతుక్కి వేశాను," అని అబద్ధమాడి, ఎలీయేజరు ఎదురుగా కూర్చున్నాడు. సంగతి ఎలా కదపాలో తెలియక, ముందు టీ తాగాడు. "సన్యాసీ, నా కోటు చూస్తే నీకెప్పుడైనా ఏమైనా అనిపించేదా?"

"అనిపించకేటి. కుళ్ళు పుట్టీది. అందుకే కదా పట్టుకెళ్ళినాను."

"ఎక్కడికి?"

"మర్సిపోయినావేటి! నీ పెళ్ళికి ముందు ఏడు ఎరువడిగి శృంగవరపుకోటలో దర్జీ దగ్గరికి పట్టుకెళ్ళినాను. మక్కీకి మక్కీ దింపమన్నాను. ఇదే అది." సన్యాసిరావు గర్వంగా నిటారుగా కూర్చున్నాడు. "బొత్తాంకి బొత్తాం. మన వార్డెను, సైన్సు మాస్టారు కూడా అక్కడే కుట్టించినారు. ఆ దర్జీకి అది ఏజెన్సీ మాస్టర్ల మోడలైపోయింది."

ఎలీయేజరు చూపు నెమ్మదిగా స్నేహితుడి ఛాతీ మీదికి దిగింది. పెళ్ళికి ముందు ఏడంటే, డాట్లు విప్పకముందు. కాఫీరంగు కోటు ముందర రెండు గుట్టలు నిక్షేపంగా ఉన్నాయి. వాటి లోపల జేబులు కుట్టించుకుని సన్యాసిరావు ఒకదాంట్లో కళ్ళజోడు, ఇంకోదాంట్లో చుట్టలు పెట్టుకుంటాడు. ఎన్నో ఏళ్ళుగా అతను వాటిలోంచి చుట్టలు తీస్తుంటే ఎలీయేజరు చూశాడు. ఇవాళ చూడలేకపోయాడు.

గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. బొత్తాలు, కాజాలు, డాట్లు, అన్నీ. సన్యాసిరావు గ్లాసు బల్లమీద పెట్టాడు. తల వంచి తనని తాను చూసుకున్నాడు. ఒక చేత్తో ఎడమ గుట్ట నొక్కాడు. లోపల కళ్ళజోడు కిర్రుమంది. సంతలో ఎవరో మేకపోతుని ఈడ్చుకుపోతూ ఆదివాసీ ఒడియాలో దాన్ని తిడుతున్నారు. ఇద్దరూ ఆ తిట్లు చివరిదాకా విన్నారు.

"మా రాజులమ్మకి సెప్పకు," అన్నాడు చివరికి సన్యాసిరావు. భార్యంటే ఆయనకి లెక్కల కంటే భయం.

"నేనెందుకు చెప్తాను?"

"వార్డెనుకి కూడా సెప్పకు. గుండె జబ్బు మనిషి."

సైన్సు మాస్టారు నిరుడే పోయాడు. ఆయన్ని ఏ బట్టల్లో సాగనంపారో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గాని, టీకొట్టు సోములమ్మ పొయ్యి వదిలేసి వచ్చి, పెద్దమనుషులిద్దరికీ ఏం పూనిందోనని నీళ్ళచెంబు పట్టుకుని నిలబడింది. చనిపోయినవాడి మీద నవ్వినందుకు ఎలీయేజరు దారిపొడవునా దేవుణ్ణి క్షమాపణ అడిగాడు, మధ్యమధ్య మళ్ళీ నవ్వాడు.

ఇంటికొచ్చేసరికి మనసు తేలికపడింది. సగం జిల్లా ఆడకోట్లలో తిరుగుతుంటే తనొక్కడే సిగ్గుపడ్డం దేనికి? రేపు ఆదివారం చర్చిలో సెమీ క్రిస్మస్. వాక్యం చదవాల్సింది తనే. ప్రతి ఏడూ ఆ కోటులోనే చదివాడు. ఈ ఏడూ చదువుతాడు. ఈ నిర్ణయంతో చెప్పులు విడిచి గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు.

ఆనందమ్మ అద్దం ముందు నిలబడి ఉంది. ఒంటిమీద కోటు ఉంది. సుజానా నోట్లో గుండుసూదులు పెట్టుకుని తల్లి చుట్టూ తిరుగుతూ, ఛాతీ దగ్గర పాత గుర్తుల మీదే మళ్ళీ డాట్లు పట్టి గుచ్చుతోంది. ఆకుపచ్చ కోటు ఆనందమ్మ భుజాలమీద ఎక్కడా ఎగరకుండా, ఎక్కడా జారకుండా అతుక్కుపోయింది. ఆయన ఒంటిమీద అన్నేళ్ళుండి ఏనాడూ అలా కూర్చోలేదు.

"నా కోటు!" అన్నాడు.

"మీ కోటేటి? ఆడకోటు మగాడిదెలాగవుతాది?" ఆనందమ్మ అద్దంలోంచే జవాబిచ్చింది. "పెళ్ళయిన కాడినించీ సూత్తన్నాను. పండగ పొద్దున్న ప్రార్థనకి మీరు దొరలాగ ముందు నడిసీవోరు. నాను ఎనకాల నూలు శాలువా కప్పుకుని, పళ్ళు కొట్టుకుంటా వొచ్చీదాన్ని. నా సైజు కోటు నా ముందే నడిసి ఎలిపోతా ఉంటే నాకు ఎలాగుంటాదో అడిగినారేటి?"

"నువ్వు అడగలేదు కదా!"

"అడిగితే ఇచ్చీవోరేటి?"

ఎలీయేజరు నోరు తెరిచాడు. ఇచ్చేవాణ్ణనే అందామనుకున్నాడు. చర్చికి ముందురోజు రెండో అబద్ధం ఆడ్డం ఇష్టంలేక మూసుకున్నాడు. పైగా ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. ఆ కోటులో ఆనందమ్మ బాగుంది. ఎంత బాగుందంటే, పెళ్ళినాటి ఫోటోలో ఆవిడ ఎలా ఉండేదో గుర్తుచేసుకోబోయాడు, గుర్తురాలేదు. ఆ ఫోటోలో ఆయన ఎప్పుడూ తననే చూసుకున్నాడు.

సుజానా సూదులు తీసి, "అమ్మా, ఇది మా దుకాణానికి ఇవ్వవా? ఫోటో పెడితే..." అని మొదలుపెట్టింది.

"మీ నాన్న కాడినించి లాక్కోడానికి ఇన్నాళ్ళు పట్టింది. నీకెందుకిత్తాను? ఎల్లి బేగి మిషను తియ్యి, డాట్లు కుట్టాల."

ఆదివారం పొద్దున్న పొగమంచుకి ఎదుటి మనిషి కనపడలేదు. ఆనందమ్మ చర్చి మెట్లెక్కగానే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. కోటు పట్టుకు చూశారు, జేబుల్లో చేతులు పెట్టారు, ఎక్కడ కొన్నావని అడిగారు. "మాస్టారు ఇచ్చినారు," అందావిడ. ఆ ఒక్కమాటతో ఎలీయేజరు పరువు కాస్త నిలబడింది. ఆయన మాత్రం సుజానా సూట్‌కేసులోంచి బతిమాలి వెనక్కి తీసుకున్న సఫారీ సూటులో ఉన్నాడు. దాని చేతులు మోచేతి పైకే. లోపల బనీను, దాని లోపల చలి.

వాక్యం చదవడానికి లేచేసరికి దవడలు ఆయన మాట వినడం మానేశాయి. మొదటి మాటే మూడు ముక్కలైంది. గొంతు వణికింది, పుస్తకం వణికింది, మోకాళ్ళు వణికాయి. అయిదో వచనానికి కళ్ళలోంచి నీళ్ళు కారాయి, ముక్కులోంచి కూడా. ముందు బెంచీలో ఎవరో "స్తోత్రం!" అన్నారు. వెనక ఇంకెవరో ఏడ్చారు. ఇన్నేళ్ళుగా ఎలీయేజరు మాస్టారు వాక్యం చదువుతుంటే నిద్రపోతూ వచ్చిన సంఘం మొదటిసారి నిటారుగా కూర్చుంది. చదవడం ముగిసేసరికి పాస్టరుగారు లేచివచ్చి ఆయన్ని కౌగిలించుకుని, ఈరోజు పెద్దాయన మీద ఆత్మ బలంగా దిగిందని ప్రకటించారు. ఎలీయేజరు కాదనలేదు. పాస్టరుగారి ఒళ్ళు వెచ్చగా ఉంది. కాసేపు వదల్లేదు కూడా.

ఆరాధనయ్యాక కేకు పంచారు. సుజానా ఫోటోలు తీసుకుంటూ ఊళ్ళో చిన్ననాటి స్నేహితురాళ్ళతో వెనక ఉండిపోయింది. మొగుడూ పెళ్ళాం ఇంటిదారి పట్టారు. రోడ్డుమీద ఎవరూ లేరు. ఎలీయేజరు చేతులు చంకల్లో పెట్టుకుని నడుస్తున్నాడు.

"సదవడం బాగుందండీ," అంది ఆనందమ్మ. "నాక్కూడా ఏడుపొచ్చీసింది."

"చలే బాబూ అది!"

"నాకు తెలవదేటి?" అని, ఆవిడ కోటు జేబు నోరు తెరిచి పట్టుకుంది. "ఓ సెయ్యి ఇందులో ఎట్టండి. పెద్ద జేబే."

ఆయన ముందు చూశాడు, వెనక చూశాడు. మంచు తప్ప ఎవరూ లేరు. చెయ్యి పెట్టాడు. లోపల పొయ్యిపక్కన ఉన్నంత వెచ్చగా ఉంది. అడుగున కాగితంలో చుట్టిన ఏదో మెత్తగా తగిలింది.

"అది సుజానాకి దాసిన కేకు. ముట్టుకోకండి."

"ముట్టుకోలేదు," అన్నాడు ఎలీయేజరు మాస్టారు, ఒక చేత్తోనే కాగితం మడత విప్పుతూ.